అమ్మ ఒక్కపొద్దు, నా నవల

బోనాలు అయ్యేలోగా చిత్తుప్రతి ఇస్తే ఈ ఏడే నవల వేస్తానని పబ్లిషర్ ఫోన్ చేశాడు. అంటే చేతిలో నెల కూడా లేదు. అప్పటికి నా దగ్గరున్నది రెండు అధ్యాయాలూ, మిగతాది ఎలా రాయాలో నలుగురికీ చెప్పుకున్న కబుర్లూ. సరే సార్ అన్నాను. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

అఫ్జల్‌గంజ్‌లో ఒక జిరాక్స్ సెంటర్లో నా ఉద్యోగం. పెళ్లిపత్రికలు, కిరాయి అగ్రిమెంట్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు టైప్ చేస్తాను. పొద్దంతా పరాయివాళ్ల మాటలు కొట్టీ కొట్టీ సాయంత్రానికి వేళ్లు మొద్దుబారిపోతాయి. నా మాటలు కొట్టుకోవాలన్నా ఆ వేళ్లే దిక్కు.

పబ్లిషర్ సంగతి అమ్మకి చెప్పడం నా బుద్ధితక్కువ. మర్నాడు మా గల్లీ చివరి గుడిలో అమ్మవారికి మొక్కి వచ్చి, చెప్పులు విప్పుతూ చావు కబురు చల్లగా చెప్పింది.

“నీ పుస్తకం అయ్యేదాక ఒక్కపొద్దుంటనని మొక్కిన.”

ఒక్కపొద్దంటే రోజుకి ఒక్క పూటే అన్నం. మా ఇళ్లలో ఆడవాళ్లు పిల్లల పరీక్షలకి ఉంటారు, కుదరని పెళ్లిళ్లకి ఉంటారు, ఆసుపత్రిలో పడ్డవాళ్ల కోసం ఉంటారు. నవల కోసం ఉన్న మనిషిని మాత్రం నేనెక్కడా చూడలేదు. పైగా అమ్మకి షుగర్. నాకు ఒళ్లు మండింది.

“నా పుస్తకానికి నీ కడుపెందుకు మాడాలమ్మా? నిన్నెవరు మొక్కమన్నరు?”

“నీతోని ఏది పూర్తిగాదు గదా. ఇంతకుముందు రెండు సగంల ఇడిశిపెట్టినవ్.”

“షుగర్ గోలీలు ఏసుకునేదానివి. డాక్టర్ ఏమన్నడో యాదికున్నదా?”

“నేను డాక్టర్‌కి మొక్కలే. నువ్ రాయి, నేనుంట. ఎవల పని వాళ్లది.”

అంతే. ఇంక ఆమెతో వాదించడం కన్నా నవల రాయడమే తేలిక అనిపించింది.

నవల ఇద్దరు అక్కాచెల్లెళ్ల గురించి. అమ్మ నుంచి వచ్చిన గాజుల దుకాణంలో పక్కపక్కనే కూర్చుని ఏళ్ల తరబడి అమ్మి, ఒకరోజు మాట మాట పెరిగి మధ్యలో చెక్క అడ్డం పెట్టుకుంటారు. ఇందులో కల్పన పెద్దగా ఏం లేదు. అక్క మా అమ్మ, చెల్లెలు మా పిన్ని. నాన్న పోయినప్పుడు కూడా పిన్ని రాలేదు. కబురు సరిగా పంపలేదని ఆమె, పంపినా రాలేదని ఈమె. దుకాణం ఎప్పుడో ఎత్తేశారు, పంతం మాత్రం అలాగే ఉంది. పిన్ని ఉండేది బార్కస్ దగ్గరే, ఆటో ఎక్కితే ఎంతో దూరం లేదు. నేను రాస్తున్నది ఎవరి కథో అమ్మకి తెలుసు. ఆమెకి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

రోజూ సాయంత్రం నేను గడప తొక్కగానే అమ్మ అడిగేది. “ఎందాక వచ్చింది?”

“చెక్క అడ్డం పెట్టిన్రు.”

“ఊఁ.”

చాటలో బియ్యం ఏరుతూ వినేది. ఆ బియ్యం రాత్రికి నా ఒక్కదానికే వండేది. పగలే ఒక్క పూట తినేసిన ఆమె చాయ్ తాగి పడుకునేది. ఎదురుగా ఉత్త చాయ్ తాగుతున్న మనిషిని పెట్టుకుని అన్నం మింగడం ఎంత కష్టమో, ఆ అన్నం తిన్నాక వాక్యం రాయడం అంతకన్నా కష్టం.

సెంటర్లో గిరాకీకీ గిరాకీకీ మధ్య రాసేదాన్ని. మా ఓనర్ భాయ్ మంచివాడే. ఎవరైనా తొందరపెడితే “థోడా ఠైరో, మేడమ్ నావల్ లిఖ్‌రే” అని, మేడమ్ నవల రాస్తోంది కాస్త ఆగమని నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. నాకే నవ్వు వచ్చేది కాదు. ఇంట్లో కూర్చుంటే గల్లీలో మైకులు. ఒక్కోసారి ఏ పాత్ర ఏ ఊళ్లో ఉందో గుర్తొచ్చేది కాదు, వెనక్కి వెళ్లి చదివే ఓపికా ఉండేది కాదు. అలసట ముందు నడుముకి, తర్వాత కళ్లకి, చివరికి మాటలకి పట్టింది.

రానురాను నవలని అమ్మ మొహం చూసి రాయడం మొదలుపెట్టాను. ఆమె గోడ పట్టుకుని లేస్తే ఒక అధ్యాయం ఎగిరిపోయేది. కోర్టు గొడవ మూడు పేజీల్లో తేల్చేశాను. చెల్లెలి పెళ్లి అర పేజీ. నిదానంగా రావలసిన మేనమామ ఒకాయన అసలు రానే లేదు. మంచి మనిషి, పాపం.

ఒక ఆదివారం పొద్దున అమ్మ నల్లా దగ్గర బిందె పట్టుకుని అలాగే కూలబడింది. ఒళ్లంతా చెమట. నోట్లో చక్కెర పోసి ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. కళ్లు తెరవడానికి కాస్త సమయం పట్టింది. ఆ కాసేపూ నాకు నవల లేదు, పబ్లిషర్ లేడు, ఉత్త భయం. ఒక్కపొద్దు మానేసి రెండు పూటలా తినమని బతిమాలాను, అరిచాను, ఏడ్చాను.

“అయిందా?” అంది.

ఆమెని మంచం మీద పడుకోబెట్టి, పక్కనే నేల మీద కూర్చుని మధ్యాహ్నానికల్లా నవల ఫోన్లోనే ముగించేశాను. అక్కాచెల్లెళ్లు కలిసిపోయారు. ఒకే పెళ్లికూతురికి చెరో చేతికీ గాజులు తొడుగుతూ ఉంటారు, అంతటితో సమాప్తం. కలవరని నాకు తెలుసు. నాకు కావలసింది వాళ్లు కలవడం కాదు, అమ్మ రాత్రికి నాలుగు ముద్దలు తినడం. మరోసారి చదవకుండానే పంపేశాను. సాయంత్రం పబ్లిషర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, ముగింపు హాయిగా ఉందని.

అమ్మకి ఫోన్లో ఆ సమాప్తం అన్న మాట చూపించాను. కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చింది. దీపాలు పెట్టే వేళకి ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం. వేడన్నం, పప్పు. ఆమె కలుపుకుంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

“కలిసిన్రా?” అంది కంచంలోకే చూస్తూ.

“కలిసిన్రు.”

రెండు ముద్దలు తింది. “ముందుగాల ఎవలు వొయిన్రు? పెద్దదా, చిన్నదా?”

తగవుకీ గాజులకీ మధ్య మూడు చుక్కలు పెట్టి దూకేశాను.

“గది రాయలేదమ్మా. ఊకే కలిసిన్రు.”

“ఊకే ఎట్ల కలుస్తరే? ఎవలో ఒకలు ముందుగాల గడప తొక్కాలె గదా. పొయ్యి ఏమనాలె? గదే తెల్వక గదా నేను ఇన్నేండ్లసంది ఇంట్ల కూసున్నది.”

పప్పు గిన్నె ఆమె వైపు జరిపాను.

“అయితే నీ పుస్తకం ఇంకా కాలే,” అని అమ్మ అన్నం మిగిలిన కంచంలోనే చెయ్యి కడుక్కుంది.