గ్యాలరీ కింద తీసిన గొయ్యి

ఎండ ముదిరే వేళకు మా ఏలూరు స్టేడియంలో కొత్త ట్రాక్ నుంచి కాలిన రబ్బరు వాసన వస్తుంది. మా అమ్మాయిని పరుగు ప్రాక్టీసుకు దింపి గేటు దగ్గరే నిలబడతాను. "రా నాన్నా, గ్యాలరీలో నీడగా ఉంటుంది" అని పిలుస్తుంది. అటు చూస్తే చాలు, నలభై ఏళ్లకు దగ్గరపడిన ఈ వయసులో కూడా నాకు మెడ వెనక చల్లబడుతుంది.

నా చిన్నప్పుడు అక్కడ మట్టి వాసన ఉండేది. పొద్దున్నే నీళ్లు చల్లిన కోర్టులు, బాల్ బ్యాడ్మింటన్ బ్యాటు తీగలకు పసుపుపచ్చ ఉన్ని బంతి తగిలే చప్పుడు, తెల్లదొరల కాలంలో ఇటుకా సున్నంతో కట్టిన గ్యాలరీ మెట్ల మీద మరమరాల మిక్చరు అమ్మే తాత, చలికాలం సాయంత్రాలు కొల్లేటి వైపు బారులు తీరి పోయే పక్షుల కోసం ఆట ఆపేసి తలలెత్తే పిల్లలం. క్రిస్మస్ వారంలో తాడేపల్లిగూడెం జట్టు వస్తే, అమ్మ వండిన గులాబీ పువ్వుల డబ్బా మోసుకెళ్లి రెండు జట్లకూ పంచేవాణ్ణి. మా నాన్న డ్రిల్లు మాస్టారు. ఆ కోర్టుల్లో ఆడి, ఆ ఆటతోనే ఉద్యోగం తెచ్చుకున్నారు. వాన వెలిశాక పిడికెడు మట్టి నలిపి, వాసన చూసి, ఇవాళ ఆట ఉందో లేదో చెప్పేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నాకు పన్నెండేళ్లప్పుడు, ఆ గ్యాలరీ పడగొట్టి కింద షాపులు, పైన కొత్త మెట్లు కడతారని తెలిసింది. పెచ్చులూడి ఎవరి నెత్తినో పడేదాకా ఆగుదామా అని సగం ఊరు, మట్టి కోర్టులు పోతే పిల్లలు షాపుల్లో ఆడాలా అని నాన్న వాళ్లు. ఈలోగా గ్యాలరీ మెట్ల దిగువన పునాది గోతులు తవ్వేశారు. వాటితోపాటే భయం పుట్టింది. అంత పెద్ద కట్టడం నిలవాలంటే పిల్లాడి తల వెయ్యాలట, గోనెసంచులతో తిరుగుతున్నారట, వట్లూరులో ఒకణ్ణి ఎత్తుకుపోయారట. నానమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయనిదే బడికి పంపేది కాదు. ఒంటికి వెళ్లాలన్నా ముగ్గురం కలిసి వెళ్లేవాళ్లం. వాన పడుతుంటే, గోతుల్లోకి నీళ్లు దిగే చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తోందనిపించేది. నాన్న ఆ పుకారు నమ్మలేదు. అబద్ధమని మాత్రం ఎవరితోనూ అనలేదు.

ముసురు పట్టిన ఒక ఆదివారం, చర్చి అయ్యాక, ఎవరికీ చెప్పకుండా స్టేడియం గోడ దూకాను. గ్యాలరీ మెట్టు కింద ఇటుకల సందులో మేం దాచుకున్న ఉన్ని బంతి ఉంది. మర్నాడు ఆ మెట్టు కొట్టేస్తారని విన్నాను. గొయ్యి అంచున నడుస్తుంటే తడిసిన గట్టు విరిగి లోపల పడ్డాను. పైన నీళ్లు, కింద నల్లమట్టి. కాళ్లు పీకే కొద్దీ లోపలికి లాగుతోంది. అరవబోయి నోరు మూసుకున్నాను. అరిస్తే వచ్చేది ఆ గోనెసంచుల వాళ్లే కదా!

అరవకుండానే ఒకాయన వచ్చాడు. కొల్లేటి లంకల నుంచి పనికొచ్చిన కూలీ. చెవికి పోగు, వానకు నెత్తిన గోనెసంచి. ఆ సంచి చూడగానే నా పంచప్రాణాలూ పోయాయి.

"కదలమాకు బాబూ, కదిలితే ఇంకా దిగిపోతావు" అంటూ సంచి అంచున పరిచి, బోర్లా పడుకుని, నా మెడా చొక్కా కలిపి పట్టుకుని లాగాడు. పైకి వచ్చాక అదే సంచి నా భుజాల మీద కప్పాడు. "ఇంట్లో తంతారేంట్రా? మావోడూ ఇంతే, చెప్తే వినడు" అని నవ్వాడు. నేను పరుగు తీశాను.

ఒంటినిండా బురద, మెడ మీద గోళ్ల గీతలు, భుజాన గోనెసంచి. అమ్మ కేక పెట్టింది.

"ఎవడ్రా నాన్నా? ఎవడు నిన్ను పట్టుకుంది?"

"చెవికి పోగున్నాయన" అన్నాను. మిగతాది చెప్పబోయేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. నాకు మాట వచ్చేలోపే వీధిలో మగాళ్లంతా కర్రలతో బయలుదేరారు. నాన్న ఇంకా గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు.

"నాన్నా, ఆయన నన్ను గోతిలోంచి తీశాడు."

నాన్న ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయారు. "నిజమేనా?"

"నిజం నాన్నా."

ఆయన స్టేడియం వైపు చూశారు. "సరే, నువ్వు లోపలికి పద. వాళ్లే కనుక్కుంటార్లే" అని ఆ చెప్పు విప్పేశారు. నేను లోపలికి వెళ్లాను. పెరట్లో అమ్మ ఆ సంచి మీద కిరసనాయిలు పోసి తగలబెడుతోంది. స్టేడియం గోడ అవతల నుంచి కేకలు వినపడుతుంటే చెవులు మూసుకున్నాను.

ఆ పోగున్నాయన్ని రిక్షాలో వేసి పంపేశారని, చెయ్యి వేలాడిపోతోందని మర్నాడు బళ్లో చెప్పుకున్నారు. పని ఆగింది. కోర్టులు దక్కాయని నాన్నను అందరూ మెచ్చుకున్నారు. చలికాలం రాగానే మళ్లీ మొదలుపెట్టి గ్యాలరీ మొత్తం పడగొట్టారు. ఆ తర్వాత నాన్న మట్టి చేతిలోకి తీసుకోవడం నేను చూడలేదు. ఆయన పోయేదాకా మా మధ్య ఆ మాట రాలేదు.

డ్రిల్లు మాస్టారి అబ్బాయిని బలివ్వబోయారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా ఎదుటే చెప్పినా నేను కాదనలేదు. మట్టి కోర్టులు పోయాయి, మిక్చరు తాత పోయాడు, చలికాలం పక్షుల కోసం ఎవరూ తల ఎత్తరు. మా ఉన్ని బంతి ఆ షాపుల కిందే ఎక్కడో ఉండాలి.

మొన్న మా అమ్మాయి ప్రాక్టీసు అయ్యాక గేటు దగ్గరికి వచ్చి అడిగింది. "నాన్నా, నిన్ను బలివ్వబోయింది ఇక్కడేనట కదా? కోచ్ గారు చెప్పారు."

"కాదమ్మా. ఇక్కడే నన్ను బతికించారు."

"ఎవరు?"

నా దగ్గర ఆయన పేరు లేదు. "చెవికి పోగున్నాయన" అన్నాను.