మల్బరీ వేళ్ల మీద ముడులు

నారుమడి చివర ఒక మల్బరీ మొక్కను పీకి మట్టి దులిపాను. వేళ్ల నిండా జొన్నగింజల్లాంటి ముడులు. గిల్లితే రాలలేదు, వేరు తనే ఉబ్బి ఉంది. మర్నాడు పొద్దున ఆ మొక్కల కోసమే పెనుకొండ నుంచి మా తమ్ముడు ఆటో మాట్లాడుకుని వస్తున్నాడు.

వాడు సగం గొర్రెలు అమ్మి మొదటిసారి మల్బరీ వేస్తున్నాడు. మా దగ్గర మిగిలిన మొక్కలు తీసుకుపొమ్మని మేమే చెప్పాం.

ఈసారి కలుపు తీయడానికి మనుషులు దొరకలేదు. ఆడవాళ్లంతా హిందూపురం బట్టల ఫ్యాక్టరీలకు పోతున్నారు. మా ఆయన సాళ్ల మధ్య గడ్డిమందు కొట్టాడు, అదీ రెండుసార్లు. గడ్డి చచ్చింది. మొక్కలు చావలేదు గానీ ఎదగనూ లేదు. ఎరువు చాలలేదేమో అనుకున్నాం.

మరికొన్ని పీకి చూశాను. మందు పడని గట్టు పక్క మొక్కలకూ ముడులున్నాయి, కాని అక్కడక్కడే. తెల్లటి కొత్త వేళ్లు వస్తున్నాయి. మందు పడిన చోట వేరంతా ముడులే. వ్యవసాయాధికారికి ఫొటోలు పంపి ఫోన్ చేశాను. ఈ ముడులు కట్టించే నులిపురుగులు నేలలో ముందునుంచీ ఉన్నవేననీ, మందు దెబ్బకు వేరు సాగని లేత మొక్క వాటిని తట్టుకోలేకపోవచ్చుననీ అన్నాడు. ఫొటో చూసి ఖాయంగా చెప్పలేనన్నాడు. కాని ఈ మొక్కలతో పాటే పురుగు ఇంకో పొలానికి పోతుందనీ, ఒకసారి చేరితే వదలదనీ మాత్రం గట్టిగా చెప్పాడు.

మా అత్త నవ్వింది. "బతికుండే చెట్టుకు రోగం ఎతుకుతాండాది మా కాలేజీ కోడలు," అంది.

తమ్ముడికి ఫోన్ చేసి ఈ మొక్కలు వద్దని చెప్పాను. గుంతలు కూడా తవ్వించి పెట్టుకున్నాడట. "నువ్వే ఇయ్యనంటే యాడికి పోవల్లక్కా?" అన్నాడు. ధర్మవరం వైపు ఎవరైనా ఇస్తారేమో అడుగుతానన్నాను. వినలేదు. వచ్చి తన కళ్లతో చూస్తానన్నాడు.

ఆ రాత్రి పడుకోవడం, లేచి కూర్చోవడం. మా ఆయన మొహమాటానికి పోయి కట్టలు కట్టి ఆటోలో వేస్తాడని భయం.

తెల్లారి పిల్లలకు పాలు ఇస్తూ చెప్పాను: "మామ వస్తాండాడు. నారుమడి కాడికి మీరు పిల్చుకోని పోవద్దండి, నేనే చూపిస్తా. నాయన మొక్కలు కట్టబోతే నన్ను పిలవండి. ఆ చెట్లు మామ చేన్లోకి పోకూడదు. మామకు కోపమొస్తే నా మీద రానీ, మీతో మాట్లాడతాడులే."