వేడిగది వదిన, చలిగది మరదలు

మంచు పడే ఆ కొండ ఊరి తోటలో మొక్కలు పెంచే అద్దాల ఇల్లు ఒకటే, గదులు రెండు. ఒకటి వేడిగది, రెండోది చలిగది. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు దగ్గర వదినా మరదళ్ళు మాటామాటా అనుకోని రోజు లేదు.

మరదలిని తోటపనివాళ్ళు సూదమ్మ అనేవారు. చలిగదిలో ఆమె పెంచేవి దేవదారు, పైన్ లాంటి సూదాకుల మొక్కలు. అదొక కారణం. ఆమె నోరు రెండో కారణం. వదినకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. ఆవిడను చూస్తే ఎగతాళి చేయబుద్ధి కాదు.

నిజానికి రెండు గదులూ సూదమ్మ అన్నయ్య చేతి మీద పెరిగినవే. ఒక చలికాలం ఆయన పైకప్పు మీద పేరుకున్న మంచు తోస్తుండగా అద్దం పగిలింది. వేడిగదిలో కుండీల మధ్య పడ్డాడు, మళ్ళీ లేవలేదు. మొక్కలకు వెలుతురు అందడం లేదు, కాస్త ఆ మంచు తోసిరమ్మని పంపింది వదినే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ ఏనాడూ ఎత్తలేదు.

ఆయన పోయాక వదిన వేడిగదిని వదిలి ఉండలేనంది. అన్నయ్య పడిన ఆ గదిలో అడుగు పెట్టనంది సూదమ్మ. అందుకని ఆవిడ ఇటు, ఈమె అటు. కొత్త మనిషిని వెతికే శ్రమ తప్పిందని తోట అధికారి కూడా సరేనన్నాడు.

వేడిగదిలో ఉన్నవి చేమ జాతి మొక్కలు, ఆర్కిడ్లు. వాటికి ఏడాది పొడుగునా ఒకటే కాలం. గాలే తడిగా ఉండాలి. ఒక్క పూట గదిని వెచ్చగా ఉంచే బాయిలర్ చల్లబడిందా, ఆకులు ఉడికిన ఆకుకూరలా వేలాడిపోతాయి. సూదమ్మ మొక్కల తీరు వేరు. చలికాలంలో వాటికి చలి తగలాల్సిందే. ఆ చలిలో నిద్రపోకపోతే తర్వాత చిగురు సరిగ్గా రాదు. గాలి బాగా ఆడాలి, వేళ్ళ దగ్గర నీరు నిలవకూడదు. ఒకరికి అమృతమైంది ఇంకొకరికి విషం.

"తలుపెయ్యి వదినా! నీ ఆవిరంతా ఇటే వస్తోంది. నా పిల్లలకి నిద్ర చెడుతోంది."

"మంచులో బతికేవాటికి నిద్రేమిటే, జోలపాటేమిటే? నావి చూడు, ఒళ్ళో పెట్టుకోకపోతే ప్రాణం వదిలేస్తాయి."

"గారాబం చేస్తే అలాగే తయారవుతాయి."

"నీకు పెళ్ళి కాకపోవడమే నయమైంది. మొగుణ్ణి కూడా వాకిట్లో చలికి నిలబెట్టేదానివి."

ఇద్దరూ నవ్వుకునేవారు. సాయంత్రం తోట వెనకున్న ఒంటిగదిలో ఒకే గిన్నెలోది పంచుకుని తినేవారు.

వదినకు దగ్గు మొదలైంది. ముందు జలుబన్నారు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రికి సూదమ్మే లాక్కుపోయింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి చెప్పింది.

"ఆ గదిలో బూజు కంటికి కనబడదమ్మా, గాలిలోనే ఉంటుంది. అది మీ ఊపిరితిత్తుల్ని పాడు చేసింది. ఇక ఆ గడప తొక్కకండి. పొడిగా, చల్లగా ఉన్నచోట పని చేసుకోండి."

అలా గదులు మారాయి. సూదమ్మ పంటి బిగువున వేడిగదిలోకి వెళ్ళింది. వెళ్ళేముందు వదినను కుండీల దగ్గర కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"మట్టిలోకి వేలు పెట్టి చూడు. లోపల తడి తగిలితే నీళ్ళు పొయ్యకు. పైన ఎండినట్టున్నా సరే, పొయ్యకు."

"చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్తావేమే" అంది వదిన.

చలికాలమంతా సూదమ్మ తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉంది. మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. వదిన మొహం కూడా తేటపడింది. "చూశావా, ఒక్క సూది రాలలేదు" అని మురిసిపోయింది. సూదమ్మ కూడా నమ్మింది.

చలి తగ్గింది. బయట చెట్లన్నీ చిగురించాయి. చలిగదిలో ఒక్క మొగ్గ పగలలేదు. సూదమ్మ ఒక దేవదారు మొక్కను మొదట్లో పట్టుకుని లాగింది. ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు నల్లగా, మెత్తగా, మురుగు వాసన. పక్కది లాగింది. అదీ అంతే. వేడిగది మొక్కకు దెబ్బ తగిలితే పొద్దు వాలేలోగా తల వాల్చేస్తుంది. ఇవి అలా కాదు. వేరు చచ్చాక కూడా నెలల తరబడి పచ్చగానే నిలబడతాయి.

"ఎన్నిసార్లు చెప్పాను వదినా!"

"మట్టి ఎండిపోయి కనిపిస్తే చూడలేకపోయానే. కాస్త కాస్తే పోశాను."

అన్నయ్య విత్తనం నాటి మొలిపించిన మొక్క ఒకటి అప్పటికి సూదమ్మ చేతిలో ఉంది. నోరు ఆగలేదు.

"నీ చేతిలో పడ్డదేదైనా ఇంతే. మా అన్నయ్య కూడా ఇంతే."

 వదిన చేతులు కొంగుకు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున సూదమ్మ వచ్చేసరికి ఆవిడ వేడిగదిలో ఉంది. తడిగుడ్డతో పెద్దాకులు తుడుస్తోంది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది నీకు? బయటికి రా."

"ఆవిడ చెప్తూనే ఉంటుంది. నాకు చేతనైన పని ఇదొక్కటే."

"నిన్నటి మాట మనసులో పెట్టుకోకు వదినా. కోపంలో ఏదో అన్నాను."

"పెట్టుకోలేదే" అంది వదిన ఆకు తిప్పుతూ. "ఉన్నమాటేగా అన్నావు."

కాదు అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. సూదమ్మ నోరు తెరిచింది. ఎప్పుడూ ఆగని ఆ నోటికి ఆ రోజు మాట రాలేదు.

వదిన పేరెత్తకుండా, మొక్కలు తన వల్లే చచ్చాయని సూదమ్మే అధికారికి చెప్పుకుంది. ఆయన నాలుగు తిట్టి, కొత్తవి తెప్పించేది లేదన్నాడు. చలిగదిలో వచ్చేపోయేవాళ్ళకు బల్లలు వేయించాడు. సూదమ్మ వదినను రోజూ బతిమాలింది, అరిచింది, వేడిగది తాళంచెవి దాచింది. వదిన బాయిలర్ చూసే అతన్ని అడిగి ఇంకో తాళంచెవి తీసుకుంది. ఎండాకాలం పోయేసరికి వంగి నీళ్ళు పట్టలేకపోయింది. మళ్ళీ మంచు పడక ముందే పోయింది.

ఆ తర్వాత ఒక రోజు సూదమ్మ ఆసుపత్రికి వెళ్ళింది.

"ఆ గదిలోకి వెళ్ళకుండా ఉంటే బతికేదా అమ్మా?"

"కొంతకాలం బతికేది" అంది డాక్టరమ్మ.

"ఎంతకాలం?"

"అది చెప్పలేను."

"కాస్త అటూ ఇటూగా అయినా చెప్పండి."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. సూదమ్మ బయటికొచ్చి బస్టాపులో కూర్చుంది. బస్సు వచ్చి తలుపు తెరిచింది. ఎక్కుతావా అని కండక్టరు కేకేశాడు. ఆమె లేవలేదు. వచ్చిన బస్సు వచ్చినట్టే వెళ్ళిపోయింది.

అద్దాల ఇంటి పని తనకు వద్దని అధికారికి చెప్పేసింది. ఇప్పుడు బయట పచ్చిక కోస్తుంది. ఎవరైనా పలకరిస్తే అవసరమైనంత వరకే జవాబు చెబుతుంది.