సింహం బొమ్మ కారు, బావగారి ఇంజిన్

మర్వ్ ట్రెజెంజా కారు చచ్చిపోయిందన్న కబురు దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటా ఊళ్ళో, మాంసం కూరిన పాస్టీ రొట్టెల దుకాణం దగ్గర బయల్దేరి, మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరంతా చుట్టేసి మళ్ళీ మర్వ్ ఇంటికే వచ్చింది. చచ్చిపోయిందనడం మర్యాద కోసం. నిజానికి చంపింది ఆయనే.

పక్క ఊరు కడైనాలో సరుకులు కొనుక్కుని వస్తుంటే ఇంజిన్‌కి నీళ్ళు పోయే గొట్టం పగిలింది. అది మార్చమని మెకానిక్ కెరిన్ పాస్కో ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటూనే ఉంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసమని లేచింది. బుద్ధున్నవాడు పక్కకి తీసి ఆపుతాడు. మర్వ్ కూడా ఆపేవాడే, కానీ ఆ పక్కన ఉన్నది టొయోటా కార్లు అమ్మే దుకాణం. తన హోల్డెన్ కారు పొగలు కక్కుతూ టొయోటా గుమ్మంలో నిలబడడమా! వాళ్ళు అద్దాల వెనక నిలబడి నవ్వడమా! ప్రాణం పోయినా సరే అనుకున్నాడు. పోయింది. ఆయనది కాదు, ఇంజిన్‌ది. ఊరు దాటి, గోధుమ చేల మధ్య ఎవరూ చూడని చోట ఆపేసరికి లోపల ఇనుము పగిలి ఊరుకుంది.

మా వైపు ఆదివారం ఏ చర్చికి వెళ్తావని ఎవరూ అడగరు. హోల్డెన్ ఇంటివాడివా, ఫోర్డ్ ఇంటివాడివా అని మాత్రం అడుగుతారు. మర్వ్ ధాన్యం గోదాముల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన టోపీ మీదా, టీ కప్పు మీదా, చివరికి పడకగది గడియారం మీదా హోల్డెన్ సింహం బొమ్మే. ఫోర్డ్ వాళ్ళని శత్రువులుగా గౌరవిస్తాడు. టొయోటా వాళ్ళని అసలు లెక్కలోకే తీసుకోడు.

అలాంటి వాడికి అక్క మొగుడు క్లారీ రూపంలో శని పట్టింది. పెళ్ళికి హోల్డెన్‌లో వచ్చిన ఆ పెద్దమనిషి, తర్వాత టొయోటా లెక్సెన్ కొన్నాడు. అందులో టొయోటాది పేరొక్కటే. ఆ రోజుల్లో ప్రభుత్వం కార్ల కంపెనీలని కూర్చోబెట్టి, ఒకరు చేసిన కారు ఇంకొకరు పేరు మార్చి అమ్ముకోమంది. హోల్డెన్ కార్ఖానాలో, హోల్డెన్ పనివాళ్ళ చేతుల్లో పుట్టి, ముక్కు మీద టొయోటా గుర్తు తగిలించుకున్న కారది. క్లారీకి చవగ్గా వచ్చింది, కొన్నాడు. మర్వ్‌కి మాత్రం బావ కులం తప్పినంత పనైంది. ఆనాటి నుంచి ఆ ఇంటి వాకిట్లో కాలు పెట్టలేదు. వీధిలో కారాపి, హారన్ కొట్టి అక్కని బయటికి పిలిచి మాట్లాడేవాడు. తల్లి అంత్యక్రియల రోజు తన కారు మొరాయిస్తే, బావ కారెక్కనని టాక్సీ పిలిచాడు. వచ్చిన టాక్సీ ఫోర్డ్. శ్మశానం దాకా నడిచి వెళ్ళాడు.

ఇప్పుడు కారు చావడం కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మనవరాలు టాహ్లియాది హైస్కూలులో ఆఖరి ఏడు. ఆ ఏటి విందుకి పిల్లలు పట్టు గౌన్లూ కోట్లూ వేసుకుని, తలా ఒక బండిలో టౌన్ హాలు ముందు దిగుతారు. ఊరు ఊరంతా మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చుని చూస్తుంది. పిల్ల చిన్నప్పుడే, "నిన్ను నా ఎర్రకారులోనే దింపుతానే" అని మర్వ్ మాటిచ్చేశాడు.

కెరిన్ కారు కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకుంది.

"గేరుబాక్సు బంగారంలా ఉంది మర్వ్. పోయినేడే కదా మొత్తం విప్పి బాగుచేశాను! దానికి సరిపడే ఇంజిన్ తెచ్చిపడెయ్, ఎక్కించేస్తా."

"హోల్డెన్ వీ-సిక్స్ ఇంజిన్ ఏదైనా సరిపోద్దిగా?"

"సరిపోదు. నీ కారు తర్వాత వచ్చినవాటికి బోల్టులు కూర్చుంటాయి గానీ, వాటి కంప్యూటరు గేరుబాక్సుతో తీగల మీద మాట్లాడదామని చూస్తుంది. నీ గేరుబాక్సు పాతకాలపుది, దానికి తీగల భాష రాదు. నీ కారు ఈడుదే కావాలి."

"ఎక్కడ దొరుకుతుందంటావ్?"

"మీ బావ షెడ్డులో."

మర్వ్ మూతి ముడుచుకున్నాడు. "అది టొయోటా."

"నీదీ అదీ ఒకటే అచ్చు మహానుభావా! పక్కపక్కన పెడితే నువ్వే గుర్తుపట్టలేవు."

"నేనా? వాసన చూసి చెప్పేస్తా."

అక్కడితో వెతుకులాట మొదలైంది. అడిలైడ్‌లో పాత కార్లు విప్పి అమ్మేవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. సగం మంది కొత్తరకం ఇంజిన్లు ఉన్నాయన్నారు, మిగతావాళ్ళు నవ్వి పెట్టేశారు. పోర్ట్ పిరీ ఊళ్ళో ఒకడు ఉందంటే పక్కింటివాడి ట్రక్కు అడుక్కుని మరీ వెళ్ళాడు. వానకి తడిసి తుప్పు పట్టిన ఆ ఇంజిన్‌లో సాలీళ్ళు కాపురం పెట్టాయి. అయినా హోల్డెన్ సాలీళ్ళే కదా అని కాసేపు ఆలోచించాడంటే ఆయన పంతం ఎలాంటిదో చూడండి.

విందు దగ్గరపడింది. టాహ్లియా ఫోన్ చేసింది.

"తాతా, కారు కోసం నువ్వేం బెంగపెట్టుకోకు. నేను వేరే చూసుకున్నాలే."

"ఎవరిదే?"

"ఉందిలే తాతా. నువ్వు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చో, చాలు."

చెప్పలేదంటే ఏ ఫోర్డ్ కుర్రాడి కారో అయ్యుంటుంది! తన రక్తం, తన పరువు, ఫోర్డ్‌లోంచి దిగడం! దానికన్నా బావ కాళ్ళు పట్టుకోవడమే నయమనిపించింది మర్వ్‌కి. టోపీ పెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, ఇన్నేళ్ళకి ఆ వాకిట్లో కాలుపెట్టాడు.

క్లారీ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏంటోయ్ బావమరిదీ, దారి తప్పావా?"

"నీతో పనుంది బావా."

"లోపలికి రా. ఆగాగు, ఆ టోపీ తియ్యి. ఇది పవిత్ర స్థలం."

మర్వ్ పళ్ళు కొరుక్కుంటూనే సింహం టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. వంటింటి కిటికీలోంచి అక్క గ్లెనిస్ పకపకా నవ్వింది.

"నీ ఇంజిన్ కావాలి," అన్నాడు మర్వ్.

"ఓరి నీ దుంపతెగ! టొయోటా ఇంజినే? రాత్రి కలలోకి సింహమొచ్చి పీక పట్టుకోదూ?"

"ఎగతాళి తర్వాత చేద్దువు గానీ బావా. టాహ్లియాకి మాటిచ్చాను. శనివారం నా ఎర్రకారులో దింపుతానన్నాను. పిల్ల వేరే ఎవడి కారో చూసుకుంటోంది. నాకు చచ్చినంత పనిగా ఉంది."

కిటికీలో నవ్వు ఆగిపోయింది. క్లారీ ఒకసారి భార్య వైపు చూసి, బుర్ర గోక్కున్నాడు.

"తీసుకుపో," అన్నాడు చివరికి. "ఎలాగూ ఊరికే పడుంది."

కెరిన్ ఆ కారులోంచి ఇంజిన్ ఊడదీసి ఈ కారులో కూర్చోబెట్టింది. బోల్టు బోల్టూ కలిసింది. తాళం తిప్పగానే పాత గేరుబాక్సు దానితో చిన్ననాటి స్నేహితుడిలా కలిసిపోయింది. మర్వ్ ఆ చప్పుడు కళ్ళు మూసుకుని విన్నాడు.

"చూశావా కెరిన్? హోల్డెన్ ఇంజినంటే అదీ!"

కెరిన్ చేతిలో రెంచీ ఉంది. దాన్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసింది.

శనివారం సాయంత్రం మర్వ్ కూతురింటి తలుపు కొట్టాడు. టాహ్లియా ఆకుపచ్చ గౌనులో బయటికొచ్చి, తాతని చూసి, ఆయన భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"క్లారీ తాత ఏడీ?"

"క్లారీ ఎందుకే?"

"నన్ను తీసుకెళ్ళేది ఆయనే కదా! నీ కారు బాగవదని ఆయన్ని నేనే అడిగా. ఎంత సంబరపడ్డాడో! తన కారు సీట్లు కుట్టించాడు, కొత్త కోటు కొనుక్కున్నాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు, నొచ్చుకుంటావని."

మర్వ్ తల తిప్పి ఎర్రకారు బానెట్ వైపు చూశాడు. ఊరికే పడుందన్న కారు ఊరికే పడున్నది కాదు. క్లారీకి పిల్లాజెల్లా లేరు, ఈ ఊరి ముందు ఒక ఆడపిల్లని కారులోంచి దింపే భాగ్యం ఆయనకి మళ్ళీ రాదు. దాన్ని బోల్టులతో సహా ఊడదీసి ఇచ్చి, ఒక్క ముక్క అనలేదు. తనేమో ఇన్నేళ్ళూ ఆ మనిషి ఇంటి ముందు హారన్ కొట్టాడు. మర్వ్‌కి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"కారెక్కవే," అన్నాడు.

ఎర్రకారు తిన్నగా క్లారీ వాకిట్లోకి వెళ్ళి ఆగింది. క్లారీ పాత నిక్కరుతో టమాటా మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు.

"బావా, కోటేసుకో. నువ్వే తోలాలి."

క్లారీ పిల్లని చూశాడు, మర్వ్‌ని చూశాడు. గొట్టంలోంచి నీళ్ళు బూట్ల మీద పడుతున్నా చూసుకోలేదు. తేరుకుని గొంతు సవరించుకున్నాడు.

"హోల్డెన్ నేను ముట్టుకోను. నాకూ ఒక పద్ధతుంది."

"బావా, నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా. పద."

"సరే, అయితే నువ్వు వెనక కూర్చో. తోవ చెప్పావో, దింపేస్తా."

టౌన్ హాలు ముందు మడత కుర్చీల్లోంచి ఊరంతా లేచి నిలబడింది. క్లారీ కొత్త కోటులో దిగి, పెళ్ళికొడుకంత హుందాగా పిల్లకి తలుపు తీశాడు. చప్పట్లు మోగాయి. వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని ఉన్న మర్వ్‌ని ఎవరో గుర్తుపట్టారు.

"ఏం మర్వ్, నీ కారు నువ్వు తోలుకోవట్లేదేం?"

మర్వ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇది మా బావ కారురా," అన్నాడు. "నన్ను కూడా ఎక్కించుకున్నాడు."