చుక్కల దారి

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, పాత పటాలు సరిచూసే సర్వే ఉద్యోగం మీద, తాతల కాలం నాటి పటం పట్టుకుని గురజాల పక్క పల్లెలు తిరిగాను. పటంలో చుక్కలుగా గీసిన ఒక కాలిదారి, నేలమీద జొన్నచేను మధ్య జానెడు బాటగా మిగిలి ఉంది. పాత బావి వైపు నుంచి ఒక ముసలమ్మ ఖాళీ కడవతో ఎదురొచ్చింది.

“నీళ్లు దొరకలేదా అమ్మా?” అన్నాను.

“నీళ్లు మా గూడెంలోనే ఉన్నాయయ్యా. నేను ఒక్కరోజు నడవకపోతే చేనుగలాయన దారికి కంప కొట్టేస్తాడు. మా సమాధుల దొడ్డికి ఈ దారినే పోవాలి. చేతిలో కడవ లేకపోతే ‘చేలో నీకు పనేంది’ అంటాడు.”

పటం చూపించి, దారి ఇందులో ఉందని చెప్పాను.

ఆమె చుక్కల్ని వేలితో తడిమింది. “కాయితంలో ఉంటే చాలదయ్యా.” తర్వాత నా కాళ్లకేసి చూసింది. “బూట్లేసుకున్నారుగా. గట్టిగా తొక్కుకుంటా పోండి.”