తెరుచుకున్న చెవి

జలుబు చేసిన రోజుల్లో ఆవలిస్తే నా ఎడమ చెవిలో టక్కుమని చిన్న చప్పుడవుతుంది. ఆ వెంటనే వీధిలో ఆటో హారన్, పక్కింటి కుక్కర్ విజిల్ ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టుంటుంది. అప్పుడల్లా మా హెడ్‌మిస్ట్రెస్ ప్రేమలీలమ్మగారు గుర్తొస్తారు.

ఆళ్లగడ్డలో ఆమె నడిపిన బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని. చాలాకాలంగా నా చెవి దిబ్బడ వేసి ఉండేది. నా గొంతు నాకే కుండలోంచి వచ్చినట్టు వినిపించేది. వెనక బెంచీ పిల్లల జవాబులు అందేవి కావు. ముక్కులో కొట్టుకునే మందులు కొన్నాళ్లు పనిచేసి ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆమె గదికి వెళ్లి ఉద్యోగం మానేస్తానన్నాను. ఆమె చేతిలో పని పక్కన పెట్టి, మాట పూర్తయ్యేదాకా నా ముఖమే చూస్తూ విన్నారు.

"చెవికి బాగలేదని బడి ఇడిసిపెడతావా? రేపు నంద్యాలకు పోదాం పా," అన్నారు.

నంద్యాల డాక్టరు పరీక్షలు చేసి, ముక్కు వెనకనుంచి చెవిలోపలికి గాలి చేరవేసే సన్నని గొట్టం సరిగా తెరుచుకోవడం లేదన్నాడు. మత్తు ఇచ్చి, ముక్కులోంచి చిన్న బెలూన్ పంపి, ఆ దారిలో కాసేపు ఉబ్బించి తీసేస్తారట. అందరికీ గుణమిస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు.

నేను లేవబోతుంటే ప్రేమలీలమ్మగారు, "నాకు రెండు చెవులూ ఇనపడవు సార్. పెదాలు చూసి నెట్టుకొస్తాండా. నాకూ ఆ బెలూన్ పెడతారా?" అని అడిగారు.

ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. బడిలో ఎవరికీ తెలియదు. డాక్టరు ఆమెకూ పరీక్ష చేసి, "మీది నరం బలహీనత అమ్మా. బెలూన్ పనికిరాదు, చెవికి మిషన్ పెట్టుకోవాలి" అన్నాడు.

తిరుగు బస్సు శిరివెళ్ల దాటింది. ఆమె నావైపు తిరిగి, "నీది తెరుచుకుంటాదంట, నాది తెరుచుకోదంట. నువ్వు చేపిచ్చుకో," అన్నారు. గొంతులో తేడా ఏమీ లేదు.

ఆపరేషన్ తర్వాత నాకు మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఆమె ఉన్నారు. చెవి మూసుకునే ఉంది.

"ఏమీ మారలేదు మేడం."

"ఈ పొద్దే యాడ మారతాది? వాపు దిగనీ."

కొన్ని వారాల తర్వాత, పాఠం మధ్యలో వెనక బెంచీ అమ్మాయిల గుసగుస నాకు వినిపించింది. తిట్టడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఆ వారమే ఆమె చెవికి మిషన్ పెట్టుకొని ప్రార్థన వేళ పిల్లల ముందు నిలబడ్డారు. "నాకు చెవులు సరిగ్గా ఇనపడవు. నాతో మాట్లాడల్లంటే ముందరికొచ్చి నిలబడి చెప్పండి," అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆమె ఇప్పుడు లేరు. ఆమె హెడ్‌మిస్ట్రెస్ గదిలో నేను కూర్చుంటున్నాను. ఎవరు వచ్చినా చేతిలో పని పక్కన పెట్టి, ముఖం వాళ్లవైపు తిప్పి, మాట పూర్తయ్యేదాకా చూస్తూ వింటాను. కొత్తగా చేరిన టీచర్లు నాకు సరిగ్గా వినపడదేమో అనుకుంటారు. నేను కాదనను.