మెమే ఫ్రీజరులో తుపాకులు

మా నార్త్ కాల్డర్‌లో సొంత తుపాకి లేని ఇల్లు ఒకే ఒక్కటి. అది గ్లెనిస్ థిబడో ఇల్లు. చలికాలం వచ్చిందంటే ఊళ్ళో అందరికంటే ఎక్కువ తుపాకులు ఆ ఇంట్లోనే ఉండేవి. అన్నీ ఇతరులవే.

మేమంతా ఆమెను మెమే అంటాం. మా తాతల ఫ్రెంచిలో అమ్మమ్మ అని అర్థం. ఆమెకు సొంత మనవలు లేరు. బడి వంటగదిలో నిలబడి రెండు తరాల పిల్లలకు గరిటెతో వడ్డించి సంపాదించుకున్న పిలుపది. నేను పదో తరగతి మధ్యలోనే బడికి సెలవిచ్చాను. ఆ లోటు నుంచి బడి ఇప్పటికీ తేరుకోలేదని నా గట్టి నమ్మకం. మానేశాక కూడా మధ్యాహ్నం పూట వంటగది వెనక తలుపు దగ్గర నిలబడితే మెమే నాకు పళ్ళెం పెట్టేది.

"చదువు మానేస్తే మానేశావు గానీ, ఒరేయ్ డెల్బర్ట్, తిండి మానేయకు," అనేది.

ఆమె ఇంటి వెనక కొట్టంలో పడవంత పొడుగు ఫ్రీజరు ఒకటి ఉంది. ఒకప్పుడు నేను కొట్టిన దుప్పి మాంసం మొత్తం అందులోనే పెట్టాం. ఆ దుప్పి ఎంతదంటే, దాని కొమ్ముల మీద రెండు కాకి కుటుంబాలు ఒకదాంతో ఒకటి మాటల్లేకుండా వేరు కాపురాలు పెట్టుకున్నాయి. తల తెచ్చి గోడకు తగిలిస్తే మా ఇల్లు అటు పక్కకు ఒరిగింది. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, ఇప్పటికీ ఒరిగే ఉంది. ఆ ఫ్రీజరు మోటారు కాలిపోయాక మెమే దాన్ని పారేయలేదు. మూతకు తాళం పెట్టించింది.

ఎందుకు పెట్టించిందో చెప్పేటప్పుడు మాత్రం నేను కోతలు కొయ్యను.

ఆమె తమ్ముడు లూసియన్ కాగితం మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడిన ఏడాదే అతని భార్య పిల్లల్ని తీసుకుని దక్షిణానికి వెళ్ళిపోయింది. ఒక మధ్యాహ్నం లూసియన్ పెద్ద రోడ్డు మీది దుకాణానికి పోయి పిస్తోలు కొన్నాడు. దుకాణదారు అతనితో కలిసి చేపలు పట్టినవాడే. కాగితాలు చూశాడు, ఫోను చేసి నేరాల రికార్డు కనుక్కున్నాడు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. వెళ్ళేముందు ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకున్నారట కూడా. పొద్దు గూకేలోపల లూసియన్ ప్రాణాలు తీసుకున్నాడు.

మెమే ఆ దుకాణదారును ఒక్క మాట అనలేదు. అతను మాత్రం చర్చిలో ఆమె కనిపిస్తే చివరి వరుసకు పోయి కూర్చునేవాడు. "వాడికి ఒక్క రాత్రి దొరికి ఉంటే," అనేది మెమే ఎప్పుడైనా.

ఆ మరుసటి చలికాలం ఒకావిడ తన భర్త రైఫిలును దుప్పట్లో చుట్టి పట్టుకొచ్చింది. "మా ఇంట్లో చెమ్మ ఎక్కువైంది మెమే, తుప్పు పట్టేలా ఉంది. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకో," అంది. మెమే ఆమె కళ్ళు చూసింది, దుప్పటి అందుకుని ఆ పాత ఫ్రీజరులో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత అందరూ అదే మాట చెప్పడం మొదలుపెట్టారు. రానురాను మగవాళ్ళు తమవి తామే తెచ్చి ఇచ్చేవాళ్ళు. నడివేసవిలో కూడా కొందరి ఇళ్ళకు చెమ్మ పట్టేది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

తుపాకి తిరిగి ఇమ్మని వచ్చినవాడికి ఒక పద్ధతి ఉండేది. ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి, కుండలో బెల్లప్పాకంతో మగ్గిన చిక్కుడు గింజలు పెట్టేది. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని మొహం చూసేది. తర్వాత ఎవరికైనా సరే ఒకటే జవాబు: "రేపు పొద్దున రా, ఇస్తాను."

పోయిన చలికాలం రాజధాని అగస్టాలో మా రాష్ట్ర శాసనసభ ముందుకు ఒక బిల్లు వచ్చింది. అందులో ముఖ్యంగా రెండు ముక్కలున్నాయి. దుకాణంలో తుపాకి కొన్నవాడికి మూడు రోజులు ఆగాకే దాన్ని చేతికివ్వాలి. ఇక రెండోది: ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి తుపాకి చేతులు మారాలంటే లైసెన్సున్న దుకాణం ద్వారానే, నేరాల రికార్డు చూశాకే మారాలి. పక్కింటివాడిది దాచిపెట్టినా చేతులు మారడమే, తిరిగిచ్చినా చేతులు మారడమే.

ఊరు రెండుగా చీలింది. ఒక శనివారం ఆ రెండు పక్షాలూ మెమే వంటింట్లో ఎదురుపడ్డాయి. వేటగాళ్ళ క్లబ్బు అధ్యక్షుడు రాయిస్ హాస్కెల్ బిల్లు వద్దనేవాళ్ళ నారింజ రంగు టోపీతో వచ్చాడు. నర్సుగా చేసి రిటైరైన మార్జరీ క్వింబీ కోటుకు బిల్లు కావాలనేవాళ్ళ ఆకుపచ్చ రిబ్బను గుచ్చుకుని వచ్చింది. నేను పొయ్యిలోకి కట్టెలు తెచ్చి పడేస్తున్నాను కాబట్టి అంతా విన్నాను.

"మెమే, బుధవారం అగస్టాలో కమిటీ జనం మాట వింటుంది, నువ్వు మా బస్సెక్కాలి," అన్నాడు రాయిస్. "ఈ బిల్లు గట్టెక్కిందంటే నిన్ను జైల్లో వేస్తారు. ఈ వయసులో!"

"అక్కడ వంట ఎవరు చేస్తారో కనుక్కున్నావా?" అంది మెమే.

"నవ్వులాట కాదు మెమే."

మార్జరీ కుర్చీ దగ్గరకు లాక్కుంది. "నువ్వు లూసియన్ సంగతి చెప్పావంటే ఆ కమిటీలో ఎంత మొండివాడైనా కరుగుతాడు. మూడు రోజులు ఆగమనడం ఏమంత పాపం? ఇన్నేళ్ళుగా నువ్వు చేస్తున్నదే కదా!"

"నేను చేస్తున్నదే చట్టం చేసి, నన్నే చెయ్యొద్దంటే ఎట్లా మార్జరీ?"

రాయిస్ బల్ల మీద చరిచాడు. "అద్గదీ!"

"నువ్వేం గంతులెయ్యకు రాయిస్. మా వాడు పిస్తోలు కొన్న దుకాణం ఇవాళ కూడా తెరిచే ఉంది," అంది మెమే. రాయిస్ చెయ్యి బల్ల మీద నుంచి తీసేశాడు.

అప్పటికి ఫ్రీజరులో ఉన్నవాటిలో ఒక తుపాకి గురించి చెప్పాలి. అది ఎల్విన్ డూబేది. దుంగల లారీ తోలేవాడు. లారీ తిరగబడి నడుము పోయింది. ఆ గాయం మానకముందే, ఆకులు రాలే కాలంలో భార్య కార్లీన్ జబ్బుతో పోయింది. రైఫిలును తానే తెచ్చి ఇచ్చాడు. మంగళవారం, అంటే కమిటీ ముందుకు వెళ్ళాల్సిన రోజుకు ముందురోజు, తిరిగి ఇమ్మని వచ్చాడు.

"ఇంట్లో చెమ్మ ఆరిపోయింది మెమే," అన్నాడు.

మెమే పళ్ళెం పెట్టింది. ఎల్విన్ చెంచా ముట్టుకోలేదు. ఆమె అతని మొహం చూస్తూ కూర్చుంది.

"రేపు పొద్దున... రేపు నేను అగస్టా పోవాలి. ఎల్లుండి రా."

"అది నా తుపాకి."

"నీదే. కాదన్నానా?"

"మరి నిన్ను బతిమాలుకోవాలా? నా వస్తువు మీద తాళం వేసే హక్కు నీకు ఏ చట్టం ఇచ్చింది?"

"ఏ చట్టమూ ఇవ్వలేదు నాయనా."

"పెద్ద రోడ్డుకు పోతే అరగంటలో కొత్తది చేతిలో పెడతారు. తెలుసా?"

"తెలుసు. నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

నేను కట్టెలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మెమే ఏప్రన్ జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద, అతని పళ్ళెం పక్కన పెట్టింది.

"కావాలంటే ఇప్పుడే తీసుకుపో. కానీ అగస్టా దాకా నాకు తోడు కావాలి. వీడి ట్రక్కులో పోతున్నాను. దారి పొడుగునా ఆ దుప్పి కథ చెబుతాడు. ఒక్కదాన్నే భరించలేను."

ఎల్విన్ తాళంచెవి వంక చూశాడు. తర్వాత నా వంక తిరిగాడు. "ఎంతయిందిరా ఆ దుప్పి ఇప్పటికి?"

"ఇంకా ఎదుగుతోంది," అన్నాను.

అతను లేచి వెళ్ళిపోయాడు. తాళంచెవి బల్ల మీదే ఉంది. బుధవారం తెల్లారేసరికి నా ట్రక్కు పక్కన కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు.

కమిటీ గది నారింజ టోపీలతో, ఆకుపచ్చ రిబ్బన్లతో కిక్కిరిసి ఉంది. మాట్లాడదలచినవాళ్ళు ముందు గుమస్తా దగ్గర చెప్పుకోవాలి. మా రాష్ట్రంలో మూడు వరసలుంటాయి: బిల్లుకు అనుకూలం, వ్యతిరేకం, రెండూ కాదు. "రెండూ కాదు," అంది మెమే. రాయిస్ తల పట్టుకున్నాడు. మార్జరీ నిట్టూర్చింది. ఎవరికైనా ఇచ్చేది మూడు నిమిషాలే. మెమే వంతు వచ్చేసరికి సాయంత్రం కావచ్చింది.

"నా పేరు గ్లెనిస్ థిబడో. బడిలో వంట చేశాను," అని మొదలుపెట్టింది. "మా తమ్ముడు మధ్యాహ్నం పిస్తోలు కొన్నాడు, పొద్దు గూకేలోపల పోయాడు. దుకాణంలో మూడు రోజులు ఆగమనండి, నాకు పేచీ లేదు. నా పేచీ ఆ రెండో ముక్కతో. మా ఊళ్ళో మనసు బాగాలేనివాడు తుపాకి తెచ్చి నాకిస్తాడు. నేను దాస్తాను. మీరు చెప్పినట్టు దుకాణానికి పోయి, నాకు నా మీదే నమ్మకం లేదు, దీన్ని ఆ ముసలిదానికి రాసివ్వండి అని పదిమంది ముందు ఏ మగాడు అడుగుతాడు? అడగడు. ఇంట్లోనే ఉంచుకుంటాడు. ఆ తర్వాత సంగతి నాకు తెలుసు."

కమిటీలో కళ్ళజోడు పెట్టుకున్న ఆయన ముందుకు వంగాడు. "అలా ఇచ్చినవాళ్ళ పేర్లు చెప్పగలరా అమ్మా?"

"చెప్పను."

"పేర్లు లేవు, రుజువు లేదు. ఇది కథ కాదని మేమెలా నమ్మాలి?"

"నమ్మకపోతే మానండి. పేర్లు మాత్రం చెప్పను."

సమయం అయిపోయిందని ఎర్ర దీపం వెలిగింది. మెమే కర్ర పట్టుకుని లేచింది. నా పక్కన కూర్చున్న ఎల్విన్ కూడా లేచాడు. బయటికి పోతున్నాడనుకుని భయపడ్డాను. అతను నేరుగా గుమస్తా బల్ల దగ్గరకు పోయాడు.

"అనుకూలమా, వ్యతిరేకమా, రెండూ..."

"ఆవిడ పక్కన రాయండి," అన్నాడు ఎల్విన్.

మాట్లాడే చోట నిలబడి కమిటీ వైపు కాక నారింజ టోపీల వైపు తిరిగాడు. వాళ్ళంతా అతనితో కలిసి అడవిలో తిరిగినవాళ్ళే.

"ఆ తుపాకుల్లో ఒకటి నాది," అన్నాడు. "మా ఇంట్లో చెమ్మ లేదు, గిమ్మ లేదు. చచ్చిపోవాలనిపించి, భయం వేసి, తీసుకుపోయి ఇచ్చాను. నిన్న తిరిగి అడిగాను. ఎందుకడిగానో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆవిడ ఇవ్వనని అననూ లేదు, పొమ్మననూ లేదు." చెప్పి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

తర్వాతి వంతు రాయిస్‌ది. అతను రాసుకొచ్చిందంతా ఒక్క ముక్క మార్చకుండా చదివాడు. కానీ ఎవరికీ వినపడలేదు. కొంచెం గట్టిగా చదవమని అధ్యక్షురాలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

తిరుగు దారిలో దుప్పి ఊసెత్తలేదు నేను. బిల్లేమో ఇంకా ఆ గదీ ఈ గదీ తిరుగుతూనే ఉంది. రెండో ముక్కకు మినహాయింపు పెడతామని కొందరు, పెడితే చట్టానికే చిల్లులు పడతాయని కొందరు వాదులాడుకుంటున్నారు.

చెప్పిన ప్రకారం, అగస్టా వెళ్ళొచ్చిన మర్నాడే ఎల్విన్ వచ్చాడు. మెమే ఫ్రీజరు తెరిచి, రైఫిలు తెచ్చి బల్ల మీద పెట్టి, దుప్పటి విప్పింది. "నీది," అంది. ఆమె వేళ్ళు బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఇది మా నాన్నది," అన్నాడు ఎల్విన్. "తలుపు మీద రెండు మేకులకు ఉండేది. ఆ ఖాళీ మేకులు చూస్తూ అన్నం తినలేకపోతున్నాను మెమే."

తర్వాత అతను రైఫిలు పక్కనున్న పిడి ఎత్తి వెనక్కి లాగి, లోపలి బోల్టును పూర్తిగా బయటికి తీశాడు. అరచేతి పొడుగు ఇనుప కడ్డీ. చొక్కాతో నూనె తుడిచి ఆమె ముందు పెట్టాడు. "ఇది నీ దగ్గరుండనీ. నవంబరులో వేట మొదలైనప్పుడు చూద్దాం."

జీవితంలో తుపాకి పేల్చని మెమే ఆ కడ్డీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది లేకపోతే అది పేలదా?"

"పేలదు."

ఆమె నా వైపు తిరిగింది. "ఒరేయ్ డెల్బర్ట్, నువ్వు చెప్పు. కోతలు కొయ్యకుండా చెప్పు."

"పేలదు మెమే."

ఎల్విన్ రైఫిలును దుప్పట్లో చుట్టలేదు. భుజాన వేసుకుని, పట్టపగలు, మంచు తీసిన రోడ్డు మధ్య నుంచి అందరికీ కనబడేలా నడిచి వెళ్ళాడు. మెమే బోల్టును గుప్పిట్లో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. పొలం అవతల అతని ఇంటి తలుపు మూసుకునేదాకా కదల్లేదు. మూసుకున్నాక కూడా చాలాసేపు కదల్లేదు.